మందు కొట్టని సాళ్లు

చల్లగా ఉంది. రెండు భుజాల వెనకా రూపాయి బిళ్లంత మేర చల్లగా ఉంది, ఎవరో తడి వేలు ఆనించి తీయడం మరిచిపోయినట్టు. గుల్షన్ అనే ఆ నర్సు క్రీము రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ అంటించి, వెనక ముడి వేసే ఆకుపచ్చ గౌను తొడిగి, "మొద్దుబారడానికి గంట పడుద్ది అక్కా. వెనక్కి ఆనబాకండి. ఈలోపు మనసు మారితే ఒక్క కేకెయ్యండి, తుడిచేస్తా," అని తలుపు దగ్గరగా వేసి పోయింది. మనసు మారడానికి గంట వ్యవధి ఇచ్చే చోటు ఒకటి ఉంటుందని బిందుమాధవికి ఇన్నాళ్లూ తెలియదు. పెళ్లికి కూడా ఆమెకు అంత గడువు ఇవ్వలేదు. వచ్చినవాళ్లు కాఫీ తాగి గ్లాసులు కింద పెట్టేలోపు తేల్చెయ్యమన్నారు, తేల్చేసింది, ఆ మనిషి మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇక్కడేమో నాలుగు కాగితాలు తెలుగులో చదివి వినిపించి, సంతకం పెట్టాక కూడా లేచి వెళ్లిపోవచ్చని, ఎవరూ ఏమీ అనుకోరని, మామూలు వైద్యం ఎప్పటిలాగే చేస్తామని పదే పదే చెప్పారు. అన్నిసార్లు చెప్పేసరికే ఆమెకు భయం పట్టుకుంది. పాము లేదు పాము లేదు అంటూ చీకట్లోకి తోస్తే కాలు ముందుకు పడుతుందా?

కిటికీ రెక్క కాస్త తెరిచి ఉంది. మిరపకాయల టిక్కీ బస్తాలు ఎత్తిన లారీ ఏదో కింద రోడ్డు మీద ఆగినట్టుంది, ఘాటు మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చింది. పక్కగదిలో ఎవరో ఒకటే దగ్గు, ఊరికి కొత్తవాళ్లై ఉంటారు. బిందుమాధవికి దగ్గు రాలేదు సరికదా ప్రాణం లేచి వచ్చింది. ఇదే ఘాటు ఇప్పుడు పర్చూరు పక్కన వాళ్ల కల్లంలోనూ ఉంటుంది. నాన్న యలమందయ్య టార్పాలిన్ పట్టా కింద గొంతుక్కూర్చుని తాలు కాయలు ఏరుతూ ఉంటాడు, ఎవరో ఒకరి మీద విసుక్కుంటూ ఉంటాడు, విసుక్కోవడానికి మనిషి దొరక్కపోతే కాకి మీదైనా. ఒంటిపూట బడులు కదా, మనోజ్ఞ కూడా ఈపాటికి ఇంటికొచ్చి అన్నం తిని తాత పక్కన చేరుంటుంది. పదకొండేళ్ల పిల్ల, ఒక్కచోట కూర్చోదు. కూర్చున్నా మోకాలు పైకి పెట్టుకుని కూర్చుంటుంది. ఆ మోకాలు. దాన్ని తలచుకోకూడదనుకుంది, తలచుకోనే తలచుకుంది.

దీపావళి ముందు కాలవ వంతెన దగ్గర సైకిలు మీద నుంచి పడింది మనోజ్ఞ. మోకాలి మీద తోలు లేచిపోయింది. ఏ తల్లి అయినా దెబ్బ మానేదాకా చూస్తుంది, మానగానే మరిచిపోతుంది. బిందుమాధవికి మాత్రం అసలు చూపు మానాకే మొదలైంది. ఆదివారం తలంటేటప్పుడు నూనె వంకన మోకాలి మీద బొటనవేలు రాసి చూస్తుంది. నున్నగా ఉందా, ఉంది. అంచు లేచిందా, లేదు. రంగు కొంచెం ముదిరిందేమో, ఎండకేమో, నూనెకేమో. "ఏందమ్మా, రుద్దిందే రుద్దుతావు?" అని పిల్ల కాలు లాక్కునేది. అట్లా నెలలు గడిచాయి, గండం గడిచిందనే అనుకుంది. మొన్న లెక్కలు చేసుకుంటూ చేసుకుంటూ పెన్ను చివరతో మోకాలు గోక్కుంది మనోజ్ఞ. పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. "దురదగా ఉందా?" అంటే "ఊఁ, కొంచెం," అంది. ఆ కొంచెం అన్న మాటకి బిందుమాధవి చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. వాళ్ల ఇంట్లో మానిన గాయం మీద గడ్డ లేవడం ముందు దురదతోనే మొదలవుతుంది. తర్వాత చిన్న మొటిమంత గట్టిపడుతుంది, తర్వాత అసలు గాయం గీత దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకుతుంది, ఇక ఆగమంటే ఆగదు.

అమ్మ చెవులు గుర్తొచ్చాయి. శివపార్వతి అంటే ఊళ్లో సగం మందికి తెలియదు, రేగుపళ్ల చెవులామె అంటే తెలుసు. తమ్మెలకు అటొకటి ఇటొకటి రేగుపళ్లు వేలాడినట్టే ఉండేవి, కమ్మలు పెట్టే చోటే లేదు. అంతకు ముందు అమ్మమ్మకీ అంతే. అయితే అది ఒంట్లోంచి వచ్చిందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, కంసాలి చేతిలోంచి వచ్చిందనుకున్నారు. చెవులు కుట్టడానికి హస్తవాసి ముఖ్యం గదా. అమ్మమ్మకు కుట్టినాయనకు హస్తవాసి లేదని, అమ్మకు వేరే ఊరు తీసుకెళ్లి వేరే ఆయన చేత కుట్టించారు. అదీ తప్పింది. అందుకని బిందుమాధవి నెలల బిడ్డగా ఉన్నప్పుడు బండి కట్టుకుని అద్దంకి పోయారట. అక్కడ వెంకయ్య అని పేరున్న కంసాలి, ఆయన సూది పెడితే బిడ్డ ఏడవడం కూడా మరిచిపోతుందని చుట్టుపక్కల చెప్పుకునేవాళ్లు. బంగారు తీగ, వేపనూనె, మంచిరోజు, అన్నీ పెట్టి కుట్టించారు. ఏడు తిరిగేసరికి రెండు తమ్మెలూ లేచాయి. అమ్మమ్మ ఊరుకునే మనిషా? బస్సెక్కి అద్దంకి వెళ్లి వెంకయ్య కొట్టు ముందు నిలబడి, "నీ చెయ్యి పడిపోనూ, బంగారంలాంటి పిల్లని పాడు చేశావు గదయ్యా," అని బజారంతా వినేట్టు తిట్టి వచ్చింది. అదే చెయ్యి కుట్టిన చెవులు ఆ బజారు నిండా కమ్మలు ఊపుకుంటూ తిరుగుతున్నాయి, ఒక్కరైనా వాటికేసి చూడలేదు. ఆ తర్వాత ఆయన పసిపిల్లల చెవులు కుట్టనని మానేశాడని ఎవరో చెప్పారు. పాపం, మంచి చెయ్యి. ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుందో బిందుమాధవికి తెలియదు గానీ, ఇవాళ ఆ ముసలాయన మీద జాలి కలిగింది, ఎన్నడూ చూడని మనిషి మీద.

కాలేజీ రోజుల్లో చెవుల గడ్డలు ఒకసారి కోయించారు. కోసినాయన నున్నగా కోసి, కుట్లు వేసి, అద్దం చూపించాడు. అద్దంలో చూసుకుని ఎంత మురిసిపోయిందో! ఆ నెలంతా జడ వెనక్కి వేసుకుని తిరిగింది. మళ్లీ దురద, మళ్లీ గట్టి, ఈసారి మునుపటికి రెట్టింపు. అప్పటి నుంచీ జుట్టు చెవుల మీదికి దువ్వుకోవడమే. మనోజ్ఞ పుట్టినప్పుడు పొట్ట మీద వేసిన కుట్లు లావుపాటి తాడులా లేచాయి, వాన మబ్బు పడితే చాలు చుర్రుమంటాయి. ఇక అక్కడి నుంచి గాయం అంటేనే ఒణుకు. కూర కత్తిపీటతో తరగదు, చాకు పట్టుకున్నా పసిబిడ్డ గోళ్లు తీస్తున్నంత నిదానం. పత్తికి పోతే పగిలిన కాయ డొప్పల మొనలు వేళ్లకు గుచ్చుకుంటాయని ఒక్కొక్క గుల్లే అందుకుంటుంది. మిగతా ఆడవాళ్లు సాలు చివరికి పోయి ముంతల్లో నీళ్లు తాగి కబుర్లు చెప్పుకునేదాకా ఈమె సగం సాలు దాటదు. "బిందమ్మా, దూది తీస్తన్నావా, చేనుకు జడ వేస్తన్నావా?" అని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది? అంత జాగ్రత్తగా ఇన్నేళ్లు కాచుకొచ్చిన ఒంటిని తీసుకొచ్చి, ఇక్కడ కొయ్యండి, ఇక్కడా కొయ్యండి అని తనే వీపు చూపిస్తోంది ఇవాళ.

డాక్టరు అలేఖ్య చూడ్డానికి చిన్నపిల్లలా ఉంటుంది గానీ విసుగెరగదు. మొదటిసారి వచ్చినప్పుడు కాగితం మీద బొమ్మలు గీసి చెప్పింది. దెబ్బ తగలగానే చర్మం కింది కణాలకు పని మొదలుపెట్టమని కబురు వెళ్తుందట. అవి దారాల్లాంటివి పేని గాయం పూడుస్తాయి. పూడ్చాక చాలు, ఆపమని ఇంకో కబురు వెళ్తుంది. "మీ ఇంటివాళ్ల చర్మంలో ఆ రెండో కబురుని కణాలు వినిపించుకోవండీ, పేనుతూనే ఉంటాయి," అంది. బిందుమాధవి కాసేపు ఆలోచించి, "మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టి మరిచిపోయినట్టా మేడం? మడి నిండినా, కట్ట తెగినా, కరెంటు ఉన్నంతసేపూ పోస్తానే ఉంటది," అంది. డాక్టరు పకపకా నవ్వేసింది. ఆ తర్వాత ఇక బొమ్మలు పక్కనపెట్టి మోటారుతోనే చెప్పుకొచ్చింది. మోటారూ తీగలూ జన్యువులు, అవి అమ్మ వైపు నుంచి వచ్చాయి, పిల్లకీ వెళ్లి ఉండొచ్చు, సగానికి సగం. వాటిని ఇప్పుడు మార్చలేం. కానీ గాయమైన చోట ఆ జన్యువుల మీద రసాయనపు గుర్తులు కొన్ని వచ్చి కూర్చుంటాయి. జన్యువు మారదు, స్విచ్చి మాత్రం వేసినట్టే బిగుసుకుపోతుంది. ఆ కణానికి పుట్టే పిల్లకణాలు కూడా స్విచ్చి వేసుకునే పుడతాయి, అందుకే గడ్డ కోసేసినా అంచున మిగిలినవి మళ్లీ పని అందుకుంటాయి. ఇప్పుడు పరీక్షిస్తున్న మందు ఆ గుర్తులను తుడవడానికి, దారాలు పేనమని గోల చేసే జన్యువు నోరు కొన్నాళ్లు నొక్కిపెట్టడానికి. "తుడిస్తే ఇక లేవదా?" అని అడిగింది బిందుమాధవి. "నాకు తెలియదండీ. తెలుసుకోవడానికే ఇదంతా," అంది డాక్టరు. చెవులు కోసినాయన తెలియదనలేదు, ఇక రాదు పోమ్మా అన్నాడు. తెలియదన్న ఈ పిల్ల మీదే ఆమెకు గురి కుదిరింది.

అయితే మెలిక అక్కడే ఉంది. రెండు భుజాల వెనకా చెరొక చిన్న గాటు పెడతారు, మిరపగింజ పట్టేంత. ఒకదానికి మందు సూది, రెండోదానికి ఉత్త ఉప్పునీళ్ల సూది. ఏ వైపు ఏదో ఆమెకు చెప్పరు, డాక్టరుకీ తెలియదు, ఎక్కడో సీలు వేసి ఉంటుంది. ఏడాది పాటు ఆ రెండిటికీ ఇంకే పూతా రాయకూడదు. అంటే మందు పనిచేసినా చేయకపోయినా ఒక పక్క గడ్డ లేచి తీరుతుంది. మామూలుగా అయితే ఆమె గాయాలు లేవకుండా ఎప్పుడు మానాయి గనక? లేచినదాన్ని ఏడాది తర్వాత మామూలు ఇంజెక్షన్లతో అణుస్తామన్నారు, సరే. అణిగినా మచ్చ పోదు. మందు మంచిదని తేలినా అది అందరికీ అందేసరికి ఎన్నేళ్లు పడుతుందో, ఆ మోకాలిని అందుకుంటుందో లేదో, అదీ ఎవరూ చెప్పలేరు. ఇంత తెలిసీ ఎందుకు వచ్చింది? దురదగా ఉందా అంటే ఊఁ కొంచెం అన్నందుకు వచ్చింది. ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చోలేక వచ్చింది. కానీ వీపున ఆ ఉప్పునీళ్ల గాటు పెరుగుతుంటే ఏమీ రాయకుండా ఏడాది ఓర్చుకోగలనా అన్నదే ఇందాకటి నుంచీ లోపల కెలుకుతోంది. నొప్పి కాదు ఆమె భయం, తన చెయ్యే.

ఉప్పునీళ్లు. మందు కొట్టని సాళ్లు. నల్ల తామర పురుగు మిరప మీద మొదటిసారి పడిన ఏడు శశిభూషణ్ అని వ్యవసాయ పరిశోధన కుర్రాడు టోపీ పెట్టుకుని వచ్చాడు. కొత్త మందు పరీక్ష చేస్తాం, ఊళ్లో ఒక చేను కావాలన్నాడు. ఎవరూ ముందుకు రాకపోతే యలమందయ్యే, పోనీలేరా నా చేనిస్తానన్నాడు. చేనంతా మందు కొట్టారు, మధ్యలో కొన్ని సాళ్లకు మాత్రం ఎర్రజెండాలు పాతి, వీటికి చుక్క కూడా తగలకూడదు తాతా అని చెప్పిపోయాడు. పదిరోజులకు ఆ సాళ్లలో పూత మీద పురుగు నల్లగా కనిపించింది. ఆకులు ముడుచుకోవడం మొదలైంది. నాన్న పొద్దున చేలోకి పోతే మందు కొట్టిన వైపు చూసేవాడు కాదు, ఎర్రజెండాల దగ్గరే నిలబడేవాడు. అన్నం దగ్గర కూర్చుంటే, "వాటి నోట మట్టి కొట్టాంగదే," అనేవాడు. పిల్లల్లో ఒకడికి పెట్టి ఇంకొకడిని మాడ్చినట్టుందనేవాడు. ఒక సాయంత్రం బిందుమాధవి ఆయనకు టీ తీసుకుని పోయేసరికి యలమందయ్య వీపున డబ్బా వేసుకుని ఎర్రజెండాల మధ్య మందు కొడుతున్నాడు, మొక్క మొక్కకూ ఆగి, ఆకుల కిందికి గన్ను తిప్పి, పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఏదో గొణుగుతూ. "నాన్నా, ఆ కుర్రాడు కొట్టొద్దన్నాడు గదా," అంటే "వాడికేం తెలుసే, వాడు నాటాడా, నీళ్లు పెట్టాడా? నువ్వు చెప్పమాక," అన్నాడు. ఆమె చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ ఆ పూట కడుపు చల్లబడింది.

శశిభూషణ్ వచ్చి చూస్తే ఆ సాళ్లూ కోలుకున్నాయి, ఈ సాళ్లూ బాగున్నాయి, తేడా కనిపించలేదు. ఈ చేలో పురుగు ఉధృతే లేదనుకున్నాడు. మందు సంగతి తేలలేదని రాసుకుని, జెండాలు పీక్కుని, వెళ్లొస్తా తాతా అని దణ్ణం పెట్టి పోయాడు. మరుసటేడు పురుగు విరుచుకుపడింది. ఏ మందు కొట్టాలో ఎవరికీ తెలియక కొట్లో ఏ డబ్బా ఇస్తే అది కొట్టారు, పూతంతా రాలి ఊరు ఊరంతా చేలు దున్నేసుకుంది. యలమందయ్య తన ఎండిన చేను గట్టున కూర్చుని, "ఆ నాలుగు సాళ్లూ పోనిచ్చి ఉంటే తెలిసేదే," అన్నాడు ఒక్కసారి. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అంతమాత్రాన బుద్ధి మారిందా అంటే, పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా?

పోలేదనడానికి ఈ ఉదయమే సాక్ష్యం. బండి మీద బస్టాండుకు దింపినవాడు దింపి ఊరుకోకుండా, బస్సు కిటికీలోంచి చేతిసంచిలో ఒక ట్యూబు కుక్కాడు. మామూలుగా ఆమె చెవులకూ పొట్ట మీది కుట్లకూ రాసుకునే జెల్లే అది, ఇంటి నుంచి తెచ్చి జేబులో పెట్టుకుని ఉన్నాడు. గొంతు తగ్గించి, తగ్గించినా నాలుగు సీట్లకు వినిపించేట్టు, "ఇంటికొచ్చినాక రెండు పక్కలా పూసుకో అమ్మాయ్. వీపెనక ఎవడు చూస్తాడు? ఊరికే ఒళ్లు పాడు చేసుకోబాక," అన్నాడు. బస్సు కదిలింది. బిందుమాధవికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. చిలకలూరిపేట దాటేదాకా సంచి మీద చెయ్యి తీయలేదు. కోప్పడదామంటే రాలేదు. నాన్నకు ఆమె ఎప్పుడూ ఎర్రజెండా సాలే.

ఫోను మోగింది. కల్లం నుంచి, మనోజ్ఞ.

"అమ్మా, కోసేశారా?"

"ఇంకా లేదు. మొద్దుబారాలంట. నువ్వు తిన్నావా?"

"తిన్నా. తాతయ్య అడగమంటన్నాడు, సంచిలోది ఉందా అని."

"ఉందని చెప్పు."

అటు కాయలు గలగలమన్నాయి. తర్వాత మనోజ్ఞ, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు, "అమ్మా, నా మోకాలు ఇవాళ అస్సలు దురద లేదు. ఏం లేదు. బాగుంది," అంది.

"తాతయ్య చెప్పమన్నాడా, మనూ?"

"ఊఁ," అంది పిల్ల. ఆ తర్వాత చాలా చిన్నగా, "ఉంది. కొంచెం గట్టిగా కూడా ఉంది," అంది.

బిందుమాధవి కళ్లు మూసుకుంది. "సరేలే. గోకబాక. నాకు మాత్రం ఉన్నది ఉన్నట్టే చెప్పు, ఎప్పుడైనా," అంది. ఫోను పెట్టేశాక చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది. ట్యూబు అడుగున ఉంది, మెత్తగా, ఎప్పటిలాగే చేతికి చేరువగా. భుజాల వెనక చల్లదనం ఎప్పుడు పోయిందో గమనించలేదు. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు, ఒళ్లే లేనట్టుంది. రేపు ఇంటికి పోతుంది. నెలకో రెండు నెలలకో ఒక పక్కన దురద మొదలవుతుంది. అప్పుడు ఈ ట్యూబు బీరువాలో ఉంటే? మొదటి వారం చూసి ఊరుకుంటుంది. రెండో వారం మూత తీసి వాసన చూస్తుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, ఒక్క చుక్కే కదా అనుకుంటుంది. తనని తను ఎరగదా? ఆ పక్కా అణుగుతుంది, ఈ పక్కా అణుగుతుంది, డాక్టరమ్మ వచ్చి చూసి తేడా లేదని రాసుకుంటుంది. జెండాలు పీకేస్తారు. ఒకవేళ మందు మంచిదే అయినా ఎవరికీ తెలియదు. మోకాలు మాత్రం తన దారిన తను లేస్తూ ఉంటుంది.

తలుపు చప్పుడైంది. గుల్షన్ ట్రేతో లోపలికి వచ్చి, ఆమె వెనక నిలబడి ప్లాస్టిక్ ఊడదీసి, దేంతోనో పొడిచి చూసింది కాబోలు, "తెలుస్తందా అక్కా?" అంది.

"లేదు."

"మనసు మారలేదు గదా?"

"లేదు. ఇది నీ దగ్గరుంచు," అని బిందుమాధవి ట్యూబు ఆ ట్రేలో, దూది పక్కన పెట్టింది.

గుల్షన్ దాన్ని తిప్పి చూసింది. "మంచి జెల్లే గదక్కా. ఏడాది వీపుకి రాయకూడదంతే, ఇంటికి తీసుకుపోవచ్చు. చెవులకి రాసుకోవచ్చు."

"వద్దు. ఇంట్లో ఉంటే వీపుకీ రాస్తా. చెవులు లేస్తే లేస్తయి," అంది బిందుమాధవి. "తోలు మా అమ్మది గానీ, చెయ్యి మా నాన్నది."

గుల్షన్‌కు ఏం అర్థమైందో ఏమో, ట్యూబు జేబులో వేసుకుని గౌను ముడి విప్పింది. బిందుమాధవి జుట్టు చెవుల మీది నుంచి పైకి తీసి ముడి వేసుకుని, బల్ల మీద బోర్లా పడుకుంది.